పదిన్నర అడుగుల అసూయ

ఆ సోమవారం పొద్దున రాజరాజేశ్వరి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. బీరకాయ పప్పు దించడం, రెండు క్యారియర్లు సర్దడం, ఉప్పుగూడ స్టేషన్లో తొమ్మిదింబావు రైలు అందుకోవడం, కొత్తగా వచ్చిన ఆఫీసరు కంటే ముందే మలక్‌పేట ఆఫీసులో తన కుర్చీలో కూర్చోవడం. పప్పు దించింది. క్యారియర్లు సర్దింది. చెప్పుల్లో కాలు పెడుతుండగా కొరియర్ అతను, శనివారం ఇవ్వాల్సిన కవరు ఆలస్యమైనందుకు తానే నొచ్చుకుంటూ, గుమ్మంలో ఇచ్చిపోయాడు.

కవరు విశాఖపట్నం నుంచి. లోపల పుస్తకమంత ఫొటో. ఫొటోలో భీమిలి సముద్రం, సముద్రం మీద రాజరాజేశ్వరి చెల్లెలు అమృత. పడవలో కాదు, ఈత కొడుతూ కాదు. గుమ్మం తలుపంత వెడల్పున్న ఒక తెల్లటి బోర్డు మీద నిటారుగా నిలబడి, మనిషెత్తు తెడ్డు చేతబట్టి, కాళ్ళ కింద ఒక చిన్న అల పరుగెడుతుంటే పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఫొటో వెనక "అక్కా, చూశావా?" అని రాసి ఉంది.

అక్క చూసింది. అక్క భర్త శ్రీరామమూర్తి కూడా భుజం మీదుగా చూశాడు.

"అబ్బ! మీ చెల్లెలు సముద్రం మీద నడుస్తోందే!" అన్నాడు.

"నడవడం కాదు. ఏదో చెక్క మీద నిలబడింది."

"నిలబడ్డం మాత్రం తేలికా రాజీ? నేను బస్సులోనే నిలబడలేను."

ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియను. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టేదాకా ఆయనకు తోచదు. రాజరాజేశ్వరి వద్దు అనేలోపే గోడమీద క్యాలెండరు తీసి, ఆ మేకుకు ఫొటో తగిలించాడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆమెకు ఆ రోజు మొదటిసారి రైలు తప్పిపోయింది.

ఫొటో చూడగానే ఆమెలో రేగిన మంట ఎంత పాతదో తెలియాలంటే భీమిలి సంగతి తెలియాలి. అక్కాచెల్లెళ్ళు పుట్టింది అక్కడే. పన్నెండేళ్ళకే రాజరాజేశ్వరి బెస్తవాళ్ళ పిల్లలతో పోటీపడి అలలు విరిగే చోటు దాటి అవతలికి ఈదేది. అమృత పాదం మీదికి నురుగు వస్తే కెవ్వుమనేది. సముద్రం అక్కది, ఒడ్డు చెల్లెలిది. ఆ పంపకం ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ మార్చలేదు. అక్క పెళ్ళి చేసుకుని సముద్రమే లేని ఊరికి వచ్చేసింది. ఉప్పుగూడలో ఆమె రోజూ చూసే నీళ్ళు మునిసిపాలిటీ కుళాయివి. అవైనా రోజు విడిచి రోజు. ఆమె లేని సమయం చూసి చెల్లెలు సరిహద్దు దాటింది.

మూడు రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అమృత ఫోన్ చేసి "ఫొటో అందిందా? అక్క ఏమంది?" అని అడిగితే, శ్రీరామమూర్తి "మురిసిపోయింది!" అని చెప్పాడు. పక్కనే ఉన్న రాజరాజేశ్వరి కొత్తిమీర కోస్తూ వేలు కోసుకుంది.

నాలుగో రోజు సాయంత్రం ఆమె స్టేషన్ పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుంది. వేసవి సెలవుల్లో రెండు కుటుంబాలూ భీమిలిలో కలవడం ప్రతి ఏడూ ఉన్నదే. ఈసారి మే నెలలో ఆమె కూడా బోర్డుతో దిగుతుంది. చెల్లెలి దానికంటే మంచి బోర్డుతో. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు.

బోర్డు కొనడం చీర కొనడంలాంటిదే అనుకుంది. గంటలో అర్థమైంది, సంబంధం చూడడంలాంటిదని. ప్రతిదానికీ ఒక మంచీ ఒక వంకా. వెడల్పుది కదలకుండా నిలబెడుతుంది కానీ అల మీద మొద్దులా పోతుంది. పొట్టిది చటుక్కున తిరుగుతుంది కానీ పెద్ద అలలు కావాలి. మొన ఉన్నది తిన్నగా దూసుకుపోతుంది, అంతే, తిరగమంటే వినదు. వారం రోజులు వెతికితే చివరికి ఒక మనిషి దొరికాడు. పేరు ఇస్సాకు. నెల్లూరు వైపు వాడు, చెన్నై దాటాక ఒక పల్లెలో సముద్రం ఒడ్డున షెడ్డు వేసుకుని చేత్తో బోర్డులు తయారు చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం రాజరాజేశ్వరి మేడ మీదికి వెళ్ళి ఆయనకు ఫోన్ చేసింది.

"ఎక్కడ నడుపుతారమ్మా?" అన్నాడు ఇస్సాకు.

"భీమిలిలో. అక్కడ అలలు చిన్నవి."

"అయితే పొడుగు బోర్డే మీకు సరి. పదిన్నర అడుగులు. ముక్కు గుండ్రంగా, వెడల్పుగా ఉండాలి. పక్కలు సమానంగా వచ్చి తోక దగ్గర కాస్త సన్నబడాలి. చిన్న అలకి బలం ఉండదు కదమ్మా, పొట్టి బోర్డుని అది మోయలేదు. పొడుగుదైతే అల ఇంకా వెనక ఉండగానే జారుకోవడం మొదలెడుతుంది. అలవాటైతే మీరు దాని మీద ముక్కు దాకా నడిచి వెళ్ళొచ్చు."

"నడవొచ్చా!" అంది రాజరాజేశ్వరి. చెల్లెలు నిలబడింది, అంతే కదా. "మా చెల్లెలిది బాగా వెడల్పు. తలుపులాగా ఉంది."

"అది నేర్చుకునేవాళ్ళదమ్మా. నిలబడడానికి సుఖం, అంతవరకే."

ఆ ఏడాది ఆమె విన్న మాటల్లో అంత మధురమైనది ఇంకోటి లేదు. ఇంకోసారి చెప్పించుకుంది.

"సరేనమ్మా, మీ బరువు చెప్పండి. మందం దాన్ని బట్టే. నిజం చెప్పాలి సుమా, తప్పు చెబితే బోర్డు నీళ్ళలోకి దిగబడుతుంది."

రాజరాజేశ్వరి చుట్టూ చూసింది. పక్క మేడ మీద పాడి యజమాని బాలనర్సింహ భార్య పుష్పమ్మ మిరపకాయలు ఎండబోస్తూ, చెవులు ఇటే పెట్టి ఉంది. డెబ్బై నాలుగు అనే అంకె రాజరాజేశ్వరి గొంతు దాకా వచ్చి ఆగింది. చెల్లెలు సన్నగా ఉంటుంది. ఫొటోలో ఇంకా సన్నగా ఉంది.

"యాభై ఎనిమిది," అంది. ఆమె పెళ్ళినాటికి అది నిజమే.

సరిగ్గా అప్పుడే శ్రీరామమూర్తి ఆరిన బట్టలు తీయడానికి మెట్లెక్కుతున్నాడు. ఆయన చెవిన పడింది ఇదీ: "అవునండీ, నా బరువే. యాభై ఎనిమిది. మా ఆయనకి మాత్రం తెలియకూడదు ఇస్సాకు గారూ. మే నెలలో భీమిలిలో అందరికీ ఒకేసారి తెలియాలి. మీరు చెప్పినట్టే చేస్తాను, రోజూ సాధన చేస్తాను."

శ్రీరామమూర్తి బట్టలు తీయకుండానే దిగిపోయాడు. ఆ రాత్రి ఆయనకు రెండు బాధలు కలిగాయి. భార్య ఎవరో ఇస్సాకుతో గుసగుసలాడడం ఒకటి. ఇరవై రెండేళ్ళ కాపురంలో తాను ఎన్నిసార్లు అడిగినా చెప్పని బరువు, ఆ ఇస్సాకుకు అడగగానే చెప్పడం రెండోది. ఆలోచించిన కొద్దీ ఆయనకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాటి నుంచి రాజరాజేశ్వరి సాధన మొదలైంది. పొద్దున్నే మేడ మీద రెండు ఇటుకల మీద పాత బీరువా చెక్క వేసి, దాని మీద నిలబడి, బూజుకర్రతో గాలిని ఇటు నాలుగుసార్లు అటు నాలుగుసార్లు తోసేది. ఇస్సాకు చెప్పినట్టు మోకాళ్ళు కాస్త వంచి, చూపు దూరంగా పెట్టేది. దూరంగా ఫలక్‌నుమా వైపు పోయే రైలు కనిపించేది.

పుష్పమ్మ వారం రోజులు చూసి ఉండబట్టలేక అడిగింది. "ఏంది రాజేశ్వరమ్మా, గిదేం నోము?"

"నోము కాదు పుష్పమ్మా. నడుంనొప్పికి."

"బూజుకర్రతోనా?"

"డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"చెన్నై డాక్టరు." అబద్ధం ఒకటి చెబితే రెండోది దాని వెనకే వస్తుంది.

మెట్ల మీద నిలబడి ఇదంతా విన్న శ్రీరామమూర్తికి అనుమానం స్థిరపడిపోయింది. భార్య ఇస్సాకు కోసం సన్నబడుతోంది. ఆయన అద్దంలో చూసుకున్నాడు. జుట్టుకు రంగు వేసుకుంటే నుదుటి మీద నల్లటి మరక మిగిలింది. కొత్త చొక్కా వేసుకుంటే రాజరాజేశ్వరి చూడలేదు, ఆమె చూపు గోడ మీది ఫొటో మీదే ఉంది. చివరికి ఆయన అన్నం తినడం తగ్గించాడు. అదీ ఆమె గమనించలేదు. మిగిలిన కూర పుష్పమ్మ వాళ్ళ బర్రెలకు వెళ్ళిపోయింది.

ఏప్రిల్ నెల మొదట్లో ఒక సాయంత్రం బాలనర్సింహ పాలు పోస్తూ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఏమైంది సార్? మొకం గట్ల గుంజుకపోయింది? పానం మంచిగ లేదా?"

"పానానికేం నరసింహా. ఇంక నాదేముంది. నా పని అయిపోయింది."

"గవేం మాటలు సార్! దవాఖానకు పోదాం పా."

"దవాఖానలో దీనికి మందు లేదు. నేను లేకపోయినా ఆవిడ బాగానే ఉంటుంది. బరువు కూడా తగ్గింది."

బాలనర్సింహకు చివరి మాట అర్థం కాలేదు కానీ మొదటి రెండూ మనసులో పడ్డాయి. ఇంటికి పోయి భార్యతో "సార్‌కు పెద్ద రోగమే పట్టినట్టున్నదే. ఎవ్వరికి చెప్తలేడు" అన్నాడు. పుష్పమ్మ తల పంకించింది. "చెన్నై డాక్టర్ అన్నదయ్యా ఆమె. గది ఈమెకు కాదు, ఆయనకే. పాపం, మనకు దాస్తున్నది."

రెండో వారంలో, గురువారం నాడు బోర్డు వచ్చింది.

ఆఫీసులో ఎవరూ వాసన పట్టకూడదని రాజరాజేశ్వరి పార్శిలు భర్త పేరున పంపమంది. ఇస్సాకు పని శుభ్రంగా చేసే మనిషి. బోర్డు దెబ్బ తినకుండా చుట్టూ ఎండుగడ్డి పరిచి, దాని మీద తెల్లటి గుడ్డ చుట్టి కుట్టి, కొబ్బరితాడుతో ఏడు చోట్ల కట్టాడు. ఒక కొసన నీలిరంగుతో "శ్రీరామమూర్తి, ఉప్పుగూడ" అని పెద్ద అక్షరాలు రాశాడు. మలక్‌పేట పార్శిలు ఆఫీసు నుంచి దాన్ని తేవడానికి రాజరాజేశ్వరి ట్రాలీ ఆటో భిక్షపతిని మాట్లాడి, తాను సెలవు పెట్టి, భర్త కాలేజీ నుంచి వచ్చేలోపు దాన్ని ఎక్కడైనా దాచేయాలని హాల్లో కుర్చీలన్నీ బయటికి సర్ది ఎదురుచూస్తూ కూర్చుంది. కుర్చీలు వాకిట్లో వరసగా ఉండడం వీధిలో కొందరు చూశారు.

భిక్షపతి ట్రాలీ గల్లీ మొదటికి రాగానే ఆగిపోయింది. ఎదురుగా నీళ్ళ ట్యాంకరు అడ్డంగా నిలబడి ఉంది. దాని డ్రైవరు చాయ్‌కి పోయాడు. భిక్షపతి కాసేపు హారన్ కొట్టి, లాభం లేక, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డ ముగ్గురిని పిలిచాడు. "జర చెయ్యి పెట్టుండ్రన్నా, సార్ ఇంటి దాకా." నలుగురూ కలిసి దాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ముందు చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు కప్పులు కింద పెట్టి లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఒక పెద్దాయన టోపీ సర్దుకుంటూ వచ్చి "హటో బేటా, కంధా దేనే దేవ్" అని ముందు వైపు భుజం ఇచ్చాడు. ఆ పేటలో ఎవరి శవం పోతున్నా, తెలిసినా తెలియకపోయినా, నాలుగడుగులు భుజం ఇవ్వడం మర్యాద. ఆయన వెనకే ఇంకో ఆరుగురు వచ్చారు. భిక్షపతి భుజం మీది బరువు పోయింది. అది తన చేతుల్లోంచి కూడా పోయిందని అతనికి ఆలస్యంగా తెలిసింది.

"ఎవరిదన్నా?" అని అడిగాడు కిరాణా దుకాణం సోమయ్య.

"శ్రీరామమూర్తి సార్‌ది," అన్నాడు భిక్షపతి, పార్శిలు సంగతి అడుగుతున్నాడనుకుని.

"అయ్యో! మంచి మనిషి గదనే! ఎప్పుడు?"

"పొద్దున్నే వచ్చింది. చెన్నై నుంచి."

సోమయ్య దుకాణం షట్టరు సగం దించాడు. సార్ రహస్యంగా చెన్నైలో వైద్యం చేయించుకుంటూ అక్కడే పోయాడన్న వార్త, బోర్డు కంటే ముందే గల్లీ చివరికి చేరింది. బాలనర్సింహ విన్నాడు. "మొన్ననే చెప్పిండు నాకు, పని అయిపోయిందని! నేనే సమజ్ చేసుకోలే!" అని తల పట్టుకుని, ఉన్నవాడు ఉన్నట్టే పరుగెత్తి వెనకవైపు భుజం పెట్టాడు. పుష్పమ్మ ఇంట్లోకి పోయి, ఆపదకు పనికొస్తుందని రాజరాజేశ్వరి ఎప్పుడో రాసిచ్చిన నంబరు వెతికి, విశాఖపట్నం ఫోన్ చేసి "అమృతమ్మా, మీ బావ ఇగ లేడు తల్లీ" అని ఏడ్చి పెట్టేసింది. తర్వాత కాలేజీకి ఎవరు చెప్పారో తెలియదు. ఒక పూట సెలవిచ్చేశారు.

ఇంతలో శ్రీరామమూర్తి ఎక్కడున్నాడంటే, స్టేషన్ ముందు కాయిన్ బాక్సు దగ్గర. భార్య డైరీలోంచి ఇస్సాకు నంబరు కాగితం మీద ఎత్తి రాసుకుని, మూడు రోజులు జేబులో మోసి, ఆ రోజు కాలేజీకి వెళ్ళకుండా ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేశాడు.

"మీరు మా ఆవిడకి ఏమవుతారు?" అన్నాడు గొంతు గట్టిగా పెట్టి.

"ఎవరండీ మీ ఆవిడ?"

"యాభై ఎనిమిది కిలోలు."

"ఓ, రాజరాజేశ్వరమ్మ గారా! ఈ పాటికి బోర్డు చేరి ఉండాలే సార్. ఎండలో పెట్టొద్దని చెప్పండి. చెల్లెలు గారి బోర్డు దీని ముందు ఎందుకూ పనికిరాదు, ఆ విషయం మేడం గారికి నేను ఇప్పటికి తొమ్మిదిసార్లు చెప్పాను. ప్రతిసారీ మళ్ళీ చెప్పమంటారు."

శ్రీరామమూర్తి నాణేలు అయిపోయేదాకా అడిగాడు. ఫోన్ పెట్టాక ఆయనకు రెండు నెలల ఆకలి ఒక్కసారిగా వేసింది. రెండు ప్లేట్ల పూరీ తిన్నాడు. మల్లెపూలు నాలుగు మూరలు కొని, ఈల వేసుకుంటూ గల్లీలోకి తిరిగాడు. ముందు శవయాత్ర ఒకటి మెల్లగా పోతోంది. ఆయన ఈల ఆపి, పూలు సంచిలో పెట్టి, మర్యాదగా వెనకవైపు ఒక మూలకు భుజం ఇచ్చాడు.

"ఎవరండీ పాపం?" అని పక్కవాడిని అడిగాడు.

"శ్రీరామమూర్తి సార్ అంట."

"అయ్యో, నా పేరే! ఏమైందిట?"

"ఏదో రోగం. తిండి తినక ఎండిపోయిండంట. జెర తేలిగ్గనే ఉన్నడు, చూస్తలేవా?"

"అవును, తేలిగ్గానే ఉన్నారు," అని శ్రీరామమూర్తి నిట్టూర్చాడు. తన పేరుగల ఒక మంచిమనిషి ఇంత దగ్గరలో ఉండి కూడా పరిచయం కాలేదే అని బాధపడ్డాడు. తలవంచుకుని నడుస్తున్నాడు గనుక యాత్ర తన ఇంటి ముందే ఆగిందని ఆయన చూడలేదు.

రాజరాజేశ్వరి తలుపు తెరిచింది. పదిన్నర అడుగుల పొడవున, గుండ్రటి కొసతో, తెల్లటి గుడ్డలో, ఆమె రెండు నెలల కల యాభై మంది భుజాల మీద వచ్చి నిలబడింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"వచ్చేసిందా! రండి, రండి, లోపలికి తీసుకురండి! మెల్లిగా, ముక్కు జాగ్రత్త!"

జనం కొయ్యబారిపోయారు. పుష్పమ్మ పరుగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకుంది. "ఏడువు తల్లీ, కడుపులో పెట్టుకోకు, ఏడువు!"

"ఎందుకేడవాలి? దీనికోసం రెండు నెలల నుంచి కాచుకుని ఉన్నా!"

"మతి పోయిందిరా పిల్లకు," అన్నాడు సోమయ్య మెల్లగా.

అప్పుడు వెనకనుంచి, తెల్లటి గుడ్డ కిందినుంచి ఒక గొంతు వినిపించింది. "రాజీ, ఈయన్ని మనింటికి ఎందుకు తెచ్చారే?"

బాలనర్సింహ పక్కకు తిరిగి చూశాడు. తన భుజానికి ఆనుకుని, జుట్టుకు రంగుతో, సంచిలో మల్లెపూలతో, పోయినాయన నిలబడి ఉన్నాడు. బాలనర్సింహ "నర్సింహస్వామీ!" అని అరిచి చేతులు వదిలేశాడు. అతను వదలగానే మిగతావాళ్ళూ వదిలేశారు. బోర్డు శ్రీరామమూర్తి పాదాల మీద పడింది. ఆయన వేసిన కేక విన్నాక, ఆయన బతికే ఉన్నాడన్న సంగతిలో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

గుడ్డ చిరిగి బోర్డు బయటపడింది. టోపీ పెద్దాయన దాన్ని తట్టి చూసి "యే క్యా హై మియా?" అని అడిగాడు. రాజరాజేశ్వరి చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, సముద్రం ఎక్కడుందని అడిగాడు. నాలుగు వందల మైళ్ళ ప్రయాణం మాట ఎత్తకుండా ఆమె "ఉంది లెండి" అంది. అందరికీ చాయ్ పెట్టి పంపేసరికి చీకటి పడింది. భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకున్నారు. బోర్డు హాల్లోంచి వంటింటి దాకా పరుచుకుంది. విశాఖపట్నం ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. తాను ఫోన్ చేసిన విషయం పుష్పమ్మ సిగ్గుతో మింగేసింది.

పొద్దున ఏడింటికి శ్రీరామమూర్తి కట్టు కట్టిన కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని వాకిట్లో కాఫీ తాగుతుండగా ఆటో ఆగింది. రాత్రంతా రైల్లో ఏడ్చి కళ్ళు వాచిన అమృత దిగింది. బావను చూసి కెవ్వుమంది. ముప్ఫై ఏళ్ళ కిందట నురుగు తగిలినప్పుడు వేసిన కేకే.

"అమ్మాయ్, నేనే. కాఫీ తాగుతావా?" అన్నాడాయన.

నిజం తెలుసుకోవడానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది. బావ బతికి ఉన్నందుకు ఇంకోసారి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, బోర్డు చూసి ఆగిపోయింది. చాలాసేపు దాని పక్కలు వేలితో నిమురుతూ నిలబడింది.

"నాకు పోటీగా కొన్నావా అక్కా?"

రాజరాజేశ్వరి గుడ్డ తీసుకుని బోర్డు మీద లేని మరక తుడిచింది.

"బావ పోయారనుకుని నేను పన్నెండు గంటలు ఏడుస్తూ వచ్చాను. నువ్వేమో రెండు నెలలుగా నా మీద కుళ్ళుకుంటూ కూర్చున్నావు. ఫొటో బాగుందని ఒక్క ముక్క ఫోన్ చేశావా?"

"నాకెందుకు కుళ్ళు?" అంది రాజరాజేశ్వరి. అని, తనకే నమ్మకం కుదరక, కొంగు వేలికి చుట్టుకుంది. "సముద్రం నాది కదే. నీకెప్పుడూ అక్కర్లేదు. నేను ఇక్కడ కుళాయి దగ్గర వరసలో ఉంటే, నువ్వెళ్ళి నా చోట నిలబడ్డావు."

అమృత కింద, బోర్డు పక్కనే చతికిలబడింది.

"నలభై మూడుసార్లు పడ్డాను. ముక్కులోకి నీళ్ళు పోయి రెండు రోజులు జ్వరం. నలభై నాలుగోసారి ఒక్క క్షణం నిలబడితే మా ఆయన ఫొటో తీశారు. మళ్ళీ పడ్డాను. నువ్వు అలల అవతలికి వెళ్ళిపోతే నేను ఒడ్డున కూర్చుని ఏడ్చేదాన్ని, గుర్తుందా? అందరూ భయం అనుకునేవారు. భయం కాదక్కా. కుళ్ళు."

రాజరాజేశ్వరి చెల్లెలి వైపు చూసింది. ఈ మాట తనకు ఇన్నేళ్ళలో ఎవరైనా చెబితే నమ్మి ఉండేది కాదు. మెల్లగా వంగి చెల్లెలి పక్కన కూర్చుంది. "ఫొటో బాగుందే," అంది. "చాలా బాగుంది. అందుకే చూడలేకపోయాను."

ఇద్దరూ కాసేపు ముక్కులు ఎగబీల్చుకున్నారు. తర్వాత అమృత చేతికి తాడుకు కట్టిన చీటీ తగిలింది. పైకి చదివింది. "పొడవు పదిన్నర. చిన్న అలలకు. మనిషి బరువు యాభై ఎనిమిది... అక్కా, యాభై ఎనిమిది ఎవరు?"

"ఇస్సాకు గారు సరిగ్గా విన్నట్టు లేదు."

"నేను నమ్మానే!" అన్నాడు శ్రీరామమూర్తి వాకిట్లోంచి, బాధగా.

అమృత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. "నీ కింద ఇది మునిగిపోతుందక్కా! నాది యాభై తొమ్మిది. ఇంక ఇది నాకే. నా వెడల్పుది నువ్వు తీసుకో." తొమ్మిదిసార్లు చెప్పించుకున్న మంచి బోర్డు ఆ క్షణంలో చెల్లెలిదైపోయింది.

గురువారం సాయంత్రం కాలేజీలో తనకు సంతాప సభ జరిగిందని శ్రీరామమూర్తికి సోమవారం తెలిసింది. ఆయన లోపలికి అడుగు పెట్టగానే విద్యార్థులు, తమకిచ్చిన పూట సెలవు ఆయన వెనక్కి లాక్కోవడానికి వచ్చినట్టు చూశారు.

మే నెలలో అందరూ భీమిలి చేరారు. మొదటి రోజు పొద్దున సముద్రం ఇస్సాకు కోరుకునేలా ఉంది: మోకాలెత్తు అలలు, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. అమృత పొడుగు బోర్డు ఎక్కింది. అది జారుకుంటూ పోయింది కానీ ఆమె దాని మీద లేదు. రాజరాజేశ్వరి ఒక్క మాట అనకుండా ఈదుకుంటూ వెళ్ళి బోర్డు పట్టుకొచ్చి, తాను ఎక్కి చూసింది. పాదాలు, మడమలు, పిక్కలు వరసగా నీళ్ళలోకి దిగాయి. బోర్డు ఆమెను పూర్తి మర్యాదతో కిందికి తీసుకుపోయింది. అప్పుడు మొదలైంది వాదన. తోక దగ్గర నిలబడాలని ఒకరు, నడిమధ్య నిలబడాలని ఒకరు, ఇంకోసారి నా వంతని ఇద్దరూ.

నడుం లోతు నీళ్ళలో శ్రీరామమూర్తి ఉన్నాడు. గాలిదిండులాంటి లైఫ్ జాకెట్ తొడిగి, వెడల్పాటి బోర్డు కొట్టుకుపోకుండా పట్టుకోమని ఆయనకు అప్పగించారు. వెనకనుంచి ఒక చిన్న అల వచ్చింది. బోర్డు పోతే ఇద్దరూ తిడతారని ఆయన దాని మీదికి బోర్లా పడ్డాడు. నీళ్ళు ముఖానికి తగులుతున్నాయని మోకాళ్ళ మీద లేచాడు. కళ్ళజోడు తడుస్తోందని నిలబడ్డాడు.

అలాగే నిలబడి, ఒక చేత్తో కళ్ళజోడు తుడుచుకుంటూ, ఒడ్డు దాకా వచ్చి ఇసక మీదికి దిగాడు. వలలు ఆరబెడుతున్న బెస్తవాళ్ళు ఈలలు వేశారు. అమృత భర్త మూడు ఫొటోలు తీశాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వాదన మధ్యలో నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయారు.

"ఇందులో కష్టం ఎక్కడుంది రాజీ?" అన్నాడు శ్రీరామమూర్తి. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మర్నాడు పొద్దున ఆయన నిద్ర లేచేసరికి అక్కాచెల్లెళ్ళు ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒక మాట మీదికి వచ్చి, చెరో బోర్డూ పట్టుకుని, ఆయనకు చెప్పకుండా సముద్రానికి వెళ్ళిపోయారు.